పంది ముల్లు గడ్డి: మెట్ట పచ్చిక బయళ్ళ బహువార్షిక తృణజాతి

ఆనందపురం (విశాఖపట్నం జిల్లా):

విశాఖపట్నం నగరానికి ఉత్తరాన జాతీయ రహదారి మీదుగా ఆనందపురం దిశగా ప్రయాణించే వారికి ఇరువైపులా ఎర్రమట్టి నేలలు, రాళ్ళు తేలిన కొండవాలులు కానవస్తాయి. వర్షాకాలంలో ఈ వాలులను కప్పే పచ్చదనంలో, కార్తీక మాసం నాటికి గోధుమవర్ణం దాల్చే పొడి గడ్డిలో ప్రధానమైనది పంది ముల్లు గడ్డి. ఎద్ది గడ్డి అన్న పేరు కూడా దీనికి వాడుకలో ఉన్నది. తూర్పు కనుమల వాలుల నుండి రాయలసీమ, తెలంగాణ మెట్టభూముల వరకు ఇది సహజంగా పెరుగుతున్నది. పశువుల మేతకు, నేల కోత నివారణకు, వన్యప్రాణుల ఆశ్రయానికి ఆధారమైన ఈ గడ్డి పెరిగే భూములను తరచుగా "బంజరు" అని వ్యవహరించడం జరుగుతున్నది. ఈ వ్యవహారం ఎంతవరకు సమంజసమో పరిశీలించేందుకు అవసరమైన సమాచారాన్ని పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

పేరు, పూర్వ చరిత్ర

పంది ముల్లు గడ్డి శాస్త్రీయ నామం హెటెరోపోగాన్ కంటార్టస్. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనిని ఆండ్రోపోగాన్ కంటార్టస్ అన్న పేరుతో వర్ణించారు. 1817లో ఇది హెటెరోపోగాన్ ప్రజాతిలోనికి మార్చబడింది. "కంటార్టస్" అనగా మెలితిరిగినది అని అర్థం. గింజకు ఉండే మెలితిరిగిన ముల్లును బట్టి ఈ పేరు ఏర్పడింది. జొన్న, చెరకు చేరిన తృణ వర్గంలోనే ఇదీ చేరుతుంది.

కోరమాండల్ తీరపు వృక్షసంపదపై తొలినాటి శాస్త్రీయ అధ్యయనాలలో కొన్నింటికి తెలుగు ప్రాంతం వేదిక అయినది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో ఉంటూ ఇక్కడి మొక్కలను సేకరించి, చిత్రింపజేసి, వాటి తెలుగు పేర్లను సైతం నమోదు చేశారు. దక్షిణ భారతదేశపు గడ్డిజాతులపై కె. రంగాచారియార్ రచించిన కరదీపికను 1921లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ప్రచురించింది. వ్యవసాయ, పశుసంవర్ధక, అటవీ సిబ్బంది గడ్డిజాతులను క్షేత్రంలో గుర్తించేందుకు ఉపకరించిన తొలి గ్రంథాలలో అది ఒకటి.

గుర్తింపు లక్షణాలు

ఇది కుదుళ్ళుగా పెరిగే బహువార్షిక గడ్డి. సాధారణంగా అర మీటరు నుండి ఒక మీటరు వరకు, అనుకూల పరిస్థితులలో అంతకు మించి ఎత్తు పెరుగుతుంది. కాడ అడుగుభాగం నొక్కినట్లు బల్లపరుపుగా ఉంటుంది. ఆకులు నీలిఛాయ గల ఆకుపచ్చ రంగులో ఉండి, కొన మొద్దుగా పడవ ముక్కును పోలి ఉంటుంది. లేత దశలో ఇతర గడ్డిజాతుల నుండి దీనిని వేరుచేసి గుర్తించడానికి ఈ రెండు లక్షణాలు తోడ్పడతాయి.

కంకి ఒక్కటిగా, ఒక ప్రక్కకు తిరిగి ఉంటుంది. కంకి దిగువభాగంలోని పూలకు ముళ్ళు ఉండవు, అవి గింజ కట్టవు. పైభాగంలోని ఆడ పూలకు మాత్రం 5 నుండి 10 సెంటీమీటర్ల పొడవు గల ముదురు గోధుమరంగు ముళ్ళు పెరుగుతాయి. పక్వదశలో ఈ ముళ్ళన్నీ కంకి కొనన జడలా పెనవేసుకొని ఉండడం ఈ గడ్డి ప్రత్యేకత. గింజ అడుగున సూదివలె వాడియైన మొన, దానిపై వెనుకకు వాలిన నూగు ఉంటాయి.

ఈ నిర్మాణం గింజ తనంతట తాను నేలలోనికి దిగడానికి ఉద్దేశించినది. గాలిలోని తేమను బట్టి ముల్లు రాత్రివేళ విప్పుకొని, పగటి ఎండకు తిరిగి మెలి పడుతుంది. ఈ కదలిక వలన మొన బరమా వలె నేలను తొలుచుకొని దిగుతుంది. వెనుకకు వాలిన నూగు గింజ తిరిగి పైకి రాకుండ నిలుపుతుంది. నేల లోపలికి చేరిన గింజ ఎండకు, నిప్పుకు, పక్షులకు దొరకదు. గింజ రాలిన వెంటనే మొలకెత్తక కొన్ని నెలలు సుప్తావస్థలో ఉండి, మరుసటి తొలకరికి సిద్ధమవుతుంది. రాతినేలలలో ఈ గడ్డి తరతరాలుగా నిలిచి ఉండడానికి ఇదే ప్రధాన కారణం.

ఒకే గడ్డి: మేతగా, ముల్లుగా

మృగశిర కార్తె వానలతో పాత కుదుళ్ళ నుండి కొత్త పిలకలు వెలువడతాయి. నాటి నుండి పూత దశ వరకు ఇది పశువులు, గొర్రెలు, మేకలు ఇష్టపడి తినే మేత. నేలను బట్టి, వానను బట్టి శ్రావణ, భాద్రపద మాసాలలో పూత ప్రారంభమవుతుంది. ఆపైన కాడ గట్టిపడి, పోషక విలువ వేగంగా తగ్గుతుంది. నెమరువేసే జంతువుల జీర్ణక్రియ సక్రమంగా సాగడానికి మేతలో సుమారు 7 శాతం మాంసకృత్తులు అవసరం కాగా, ముదిరి ఎండిన పంది ముల్లు గడ్డిలో అవి అందులో సగానికి కూడా పడిపోవచ్చును.

పక్వదశలో మరొక సమస్య ఎదురవుతుంది. రాలిన ముళ్ళు పంచెలకు, చీర అంచులకు అంటుకున్నట్లే జీవాల ఒంటికీ అంటుకుంటాయి. మొన చర్మాన్ని తొలిచి కండలోనికి దిగుతుంది. నోటిలో పుండ్లు పడడం, కండ్లు దెబ్బతినడం, కాలి గిట్టల నడుమ ముళ్ళు దిగి కుంటడం కాపరులకు అనుభవమే. చర్మానికి పడిన రంధ్రాల వలన తోలు నాణ్యత, ముళ్ళు చేరుట వలన ఉన్ని నాణ్యత తగ్గుతాయి. పొట్టి వెండ్రుకలు గల నెల్లూరు గొర్రెల కంటె, ఉన్ని గల దక్కనీ గొర్రెలకు ఈ బాధ అధికం.

ఈ నష్టం అల్పమైనది కాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు ఉన్నవి. దేశంలోని మొత్తం 7.43 కోట్ల గొర్రెలలో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలలోనే ఉన్నట్లు దీనివలన స్పష్టమగుచున్నది. గొల్ల, కురుమ, కురుబ కుటుంబాలు అనేకం వీటిపైనే ఆధారపడి జీవిస్తున్నవి. ఈ మందలకు సాగు మేత లభ్యత పరిమితం. బీడు భూములు, కొండవాలులు, కోత అనంతరపు చేలే వాటికి ఆధారం. అందుచేత సహజ గడ్డిని ఏ నెలలో, ఎంతకాలం మేపుతున్నామన్న విషయం కాపరి కుటుంబాల ఆదాయాన్ని నేరుగా ప్రభావితం చేస్తుంది.

నేల ఆరోగ్యానికి సూచిక

దబద్‌ఘావ్, శంకరనారాయణన్ 1973లో ప్రచురించిన భారతదేశపు గడ్డి కవచం సర్వేలో దేశంలోని పచ్చిక భూములను అయిదు ప్రధాన రకాలుగా విభజించారు. వాటిలో సెహిమా-డైకాంథియం రకం ద్వీపకల్పమంతటా విస్తరించి ఉన్నది. తెలుగు రాష్ట్రాల మెట్ట ప్రాంతాలు ఈ రకం పరిధిలోనికే వస్తాయి.

ఈ రకం పచ్చిక భూములలో గడ్డిజాతుల మధ్య ఒక మెట్ల వరుస ఉన్నది. తగినంత రక్షణ పొందిన నేలలో సెహిమా, డైకాంథియం, క్రైసోపోగాన్ వంటి మేలైన బహువార్షిక జాతులు పై మెట్టున నిలుస్తాయి. మేత ఒత్తిడి పెరిగినా, ఏటా నిప్పు పెట్టినా అవి తగ్గి పంది ముల్లు గడ్డి పైచేయి సాధిస్తుంది. ఒత్తిడి ఇంకను కొనసాగినచో పంది ముల్లు గడ్డి సైతం నశించి, చీపురు గడ్డి జాతికి చెందిన అరిస్టిడాలు, ఒక్క వర్షాకాలంతో ముగిసే ఏకవార్షిక గడ్డిజాతులు మిగులుతాయి. ఆ తరువాతి దశ మట్టి కొట్టుకుపోయిన బోడి నేల.

కనుక పంది ముల్లు గడ్డి నడిమి మెట్టుకు సూచిక. అది దట్టంగా ఉన్న నేల కొంత క్షీణించినదే గాని నిర్జీవం కాదు. కొద్ది సంవత్సరాల విశ్రాంతి ఇచ్చినచో మేలైన జాతులు తిరిగి రాగలవు. అదే నేలను నిర్లక్ష్యం చేసినచో క్రింది మెట్టుకు జారగలదు. బీడు భూముల తనిఖీకి వెళ్ళే సిబ్బంది "గడ్డి ఉన్నది" అని మాత్రమే గాక ఏ గడ్డి, ఎంత దట్టంగా ఉన్నదో నమోదు చేసినచో ఆ భూమి ఏ దిశగా పయనిస్తున్నదో తెలియగలదు.

నేల కోత విషయంలోనూ దీని పాత్ర గణనీయం. బహువార్షిక గడ్డి కుదుళ్ళు వేసవిలో పైకి ఎండినట్లు కనిపించినా వేళ్ళు సజీవంగా ఉండి మట్టిని పట్టి ఉంచుతాయి. తొలకరి జడివానలు కురిసే సమయానికి ఏకవార్షిక గడ్డి ఇంకను మొలకెత్తదు. ఆ కొద్ది వారాలలో వాలును కాపాడేవి పాత కుదుళ్ళే. గడ్డి లేని ఎర్రమట్టిని వాన ఏ విధంగా కోయగలదో భీమునిపట్నం సమీపంలోని ఎర్రమట్టి దిబ్బల గండ్లను చూచినవారికి వేరుగా చెప్పనవసరం లేదు. ఆనందపురం మండలంలోని గంభీరం జలాశయం వంటి చిన్న జలాశయాలకు ఎగువన గల కొండవాలులపై గడ్డి నిలిచి ఉండడం, వాటిలో పూడిక చేరకుండ నివారించే చర్యలలో అతి చౌకైనది.

విదేశాలలో ఇదే గడ్డి

ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా ఖండాల ఉష్ణ మండలాలలో ఈ గడ్డి వ్యాపించి ఉన్నది. హవాయి దీవులలో దీనిని పిలి అని పిలుస్తారు. అక్కడి ఆదివాసులు తమ సంప్రదాయ గృహాల పైకప్పులకు దీనినే వినియోగించేవారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీర ప్రాంతంలో గొర్రెల పెంపకం తగ్గి పశువుల పెంపకం స్థిరపడడానికి గల కారణాలలో ఈ గడ్డి ముళ్ళు ఒకటి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి ఇది స్వదేశీ తృణమే అయినప్పటికీ, 1990ల చివరి నుండి దక్షిణ టెక్సాస్ పచ్చిక భూములలో ఇతర జాతులను అణచివేసి విపరీతంగా విస్తరించినది. ఒక గడ్డి స్వదేశీయమైనంత మాత్రాన దాని యాజమాన్యాన్ని విస్మరించరాదని ఈ అనుభవాలు తెలుపుచున్నవి.

రోళ్ళపాడు అనుభవం

రాష్ట్రంలో గడ్డిభూమి సంరక్షణకు ప్రత్యేకంగా పేరొందిన ప్రాంతం రోళ్ళపాడు. పూర్వపు కర్నూలు జిల్లాలో, 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం నంద్యాల జిల్లాలో ఉన్న ఈ వన్యప్రాణి అభయారణ్యం 1988లో 614 హెక్టార్ల విస్తీర్ణంలో ఏర్పాటైనది. బట్టమేక పక్షి సంరక్షణ దీని ముఖ్యోద్దేశం. బొంబాయి సహజ చరిత్ర సంఘం శాస్త్రవేత్తలు 1980లలో ఇక్కడ ఈ పక్షిపై దీర్ఘకాలిక పరిశోధనలు నిర్వహించారు. పంది ముల్లు గడ్డి, సెహిమా, క్రైసోపోగాన్, అరిస్టిడాలు ఇక్కడి ముఖ్య తృణజాతులు. బట్టమేక నేలపైననే గ్రుడ్డు పెట్టే పక్షి. గూడుకు మాటుగా గడ్డి, ఆహారానికి మిడతలు, దూరం నుండి శత్రువును గుర్తించడానికి చెట్లు లేని విశాల మైదానం దానికి అవసరం.

అభయారణ్యం హద్దులలో గడ్డి కాపాడబడినప్పటికీ, చుట్టుప్రక్కల బీడు భూములు కాలక్రమేణా సాగులోనికి వచ్చి పంటల సరళి మారినది. బట్టమేకకు 614 హెక్టార్లు మాత్రమే చాలవు. చుట్టూ గల బీళ్ళు, మెట్ట చేలు కూడ దాని సంచార భూమియే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2011లో ఈ పక్షిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చినది. నేడు దేశంలో మిగిలిన బట్టమేకలలో అత్యధికం రాజస్థాన్‌లో ఉన్నవి. జైసల్మేర్ ప్రాంతంలో కృత్రిమ సంరక్షణలో వాటి సంతానోత్పత్తికి 2019 నుండి కృషి జరుగుతున్నది. ఒక ముక్క గడ్డిభూమికి కంచె వేసి, చుట్టూ ఉన్న గడ్డిభూమిని విడిచిపెట్టినచో ఫలితం పరిమితమన్నది రోళ్ళపాడు నేర్పిన పాఠం.

"బంజరు" అను వ్యవహారం

రెవెన్యూ పరిభాషలో బంజరు అనగా సాగులో లేని భూమి. ఉపయోగం లేని భూమి అన్నది దాని అర్థం కాదు. వాడుకలో మాత్రం రెండవ అర్థమే స్థిరపడినది. తత్ఫలితంగా సహజ పచ్చిక భూములను "అభివృద్ధి" చేసే ఉద్దేశంతో చెట్లు నాటడం, ఇతర అవసరాలకు కేటాయించడం సులభమైనది. కోస్తా ఎర్ర నేలలలో జీడిమామిడి, సరుగుడు, నీలగిరి తోటలు విస్తరించగా, మెట్ట జిల్లాల బీళ్ళను సర్కారు తుమ్మ ఆక్రమించినది. చెట్ల నీడ దట్టమైన చోట ఎండను కోరే పంది ముల్లు గడ్డి, దానికి మించిన మేలైన జాతులు రెండును అంతరిస్తాయి. చెట్లు లేని ప్రతి భూమి అడవి నశించిన భూమియే అన్న అభిప్రాయం సరికాదని, తక్కువ వర్షపాతం, పలుచని మట్టి గల అనేక ప్రాంతాలకు గడ్డియే సహజ ఆచ్ఛాదనమని పర్యావరణ శాస్త్రం స్పష్టపరచుచున్నది.

ఈ విషయమై అధికారులు గమనించదగిన చట్టపరమైన అంశాలు రెండు గలవు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి, వాటిని గ్రామస్థుల ఉమ్మడి వినియోగానికి పునరుద్ధరించేందుకు పథకాలు రూపొందించవలసిందిగా జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించినది. 2006 అటవీ హక్కుల గుర్తింపు చట్టం, స్థిర నివాసులతో పాటు సంచార పశుపాలకులకు సైతం అటవీ భూములలో మేత హక్కును గుర్తించినది. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2026వ సంవత్సరాన్ని అంతర్జాతీయ పచ్చిక భూముల, పశుపాలకుల సంవత్సరంగా 2022 మార్చిలో ప్రకటించడంతో ఈ భూముల ప్రాముఖ్యత అంతర్జాతీయ స్థాయిలో గుర్తింపు పొందినది.

యాజమాన్య పద్ధతులు

ఝాన్సీలో 1962లో స్థాపితమైన భారతీయ పచ్చిక భూములు, పశుగ్రాస పరిశోధనా సంస్థ మొదలైన సంస్థల కృషి వలన సహజ పచ్చిక భూముల యాజమాన్యంలో స్థిరపడిన ముఖ్య సూత్రాలు ఈ దిగువ పేర్కొనడమైనది.

తొలకరి విశ్రాంతి: తొలి వానలు పడిన వెంటనే మందలను వదలరాదు. కుదుళ్ళు కోలుకొని పిలకలు వేసేందుకు కొన్ని వారాల వ్యవధి ఇవ్వవలెను. లేత చిగురును మొదటనే మేపినచో వేరులోని నిల్వ ఖర్చయి కుదురు బలహీనపడుతుంది.

వంతుల వారీ మేత: బీడును మూడు నాలుగు భాగాలుగా విభజించి, ఒక్కొక్క సంవత్సరం ఒక్కొక్క భాగానికి గింజ రాలే వరకు విశ్రాంతి కల్పించవలెను. అన్ని భాగాలకు వంతు వచ్చునట్లు చూచినచో మందకు మేత కొరత లేకుండ గడ్డి పునరుద్ధరణ సాధ్యమగును.

సకాలపు కోత: పంది ముల్లు గడ్డిని పూత ప్రారంభ దశలోనే కోసి ఎండబెట్టి నిల్వ చేసినచో, పోషక విలువ గల ఎండుమేత లభించడమే గాక ముళ్ళ బెడద తప్పుతుంది. మేతకు మూసివేసిన వాలులలో కోసి తెచ్చుకొనే పద్ధతి శ్రేయస్కరం. రాష్ట్రంలో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం క్రింద ప్రారంభమైన వన సంరక్షణ సమితుల విధానం ఇట్టి ఉమ్మడి కట్టుబాట్లకు ఒక నమూనా.

నిప్పుపై అదుపు: మాఘ, ఫాల్గుణ మాసాలలో ఎండుగడ్డికి నిప్పు పెట్టినచో తాత్కాలికంగా లేత చిగురు వచ్చినా, ఏటా ఇట్లే చేయుట వలన నిప్పును తట్టుకొనే పంది ముల్లు గడ్డియే మరింత పెరిగి మేలైన జాతులు వెనుకబడతాయి. మట్టి బోడియై వానకు కొట్టుకుపోతుంది.

పప్పుజాతి మేత చేర్పు: గడ్డి నడుమ స్టైలో వంటి పప్పుజాతి పశుగ్రాసపు విత్తనం చల్లినచో మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి. అనంతపురం ప్రాంతపు రైతులు స్టైలో విత్తనోత్పత్తిలో చిరకాల అనుభవం గలవారు.

కాపరులకు జాగ్రత్తలు: ముళ్ళు రాలే కాలంలో మందలను గడ్డి దట్టంగా గల వాలుల నుండి తప్పించి, కోత ముగిసిన చేలకు మరలించడం, ఉన్ని గొర్రెలకు ఆ కాలానికి ముందే ఉన్ని కత్తిరించడం, సాయంత్రం వేళ నోరు, కండ్లు, గిట్టలు పరీక్షించడం అవసరం. పుండ్లు పడిన జీవాలను సమీప పశువైద్యశాలకు తీసుకువెళ్ళవలెను.

ముగింపు

పంది ముల్లు గడ్డి విత్తనం కొనకుండ, ఎరువు వేయకుండ, నీరు పెట్టకుండ రాతినేలలో తనంతట తాను పెరిగే మేత. పూతకు ముందు అది జీవాలకు ఆహారం, పూత తరువాత అదే ముల్లు. ఈ రెండింటి నడుమ ఉన్న కొద్ది వారాల వ్యవధిని గుర్తించి మేపుట, కోయుట, విశ్రాంతి ఇచ్చుట అన్నవి మనుష్యుల చేతిలో ఉన్న పనులు. ఆనందపురం పరిసరాలలో నగరం వేగంగా విస్తరిస్తున్న ఈ కాలంలో మిగిలిన కొండవాలులు, మేత పోరంబోకులు ఏ స్థితిలో ఉన్నవో, వాటిపై ఏ గడ్డి పెరుగుతున్నదో గ్రామ స్థాయిలో నమోదు చేసి ఉంచుట ప్రయోజనకరం. ఒక భూమిని బంజరుగా పేర్కొనుటకు ముందు, దానిని వర్షాకాలంలో ఒకసారి, శీతాకాలంలో మరొకసారి పరిశీలించినచో దాని వాస్తవ విలువ అంచనాకు రాగలదు.